వెనక ఎడమ లోపలి టైరు

ఆ వేసవి మొదలయ్యేసరికి లారీ మాది కావడానికి ఇంక పదకొండు వారాలే ఉన్నాయి. మొత్తం నూట యాభై ఆరు వారాల లీజు. వారానికో కిస్తీ. ఆఖరిది కట్టిన రోజున కంపెనీ బండి కాగితాలు నాన్న పేరు మీదకి మారుస్తుంది. అంతవరకూ బండి కంపెనీది, డీజిలు నాన్నది, టైర్లు నాన్నవి, మరమ్మతు నాన్నది, నడుం నొప్పి నాన్నది.

ఆ చివరి మాట నాన్నదే, నేను కలిపింది కాదు.

యార్డులో ఆయన్ని అందరూ ‘నిదానం’ అనేవారు. ఇరవై ఆరేళ్ళు బండి తోలి ఒక్క మేకపిల్లని కూడా తొక్కని మనిషి. అంకెలు, బోర్డులు చదువుతాడు గానీ కోర్టు భాషలో రాసిన కాగితాలు ఆయనకి కొరుకుడు పడవు. అందుకని శనివారం శనివారం కంపెనీ ఇచ్చే వారం కాగితం నేనే పైకి చదివేదాన్ని. కిరాయి ఇంత, అందులో కిస్తీ కోత ఇంత, బీమా కోత, టైర్ల కోత. ఒక్కోసారి కోతలన్నీ పోగా సున్నా కింద తేలేది. వారమంతా తోలి, తోలినందుకు కంపెనీకే బాకీ పడేవాళ్ళం.

దూరం దగ్గర మాత్రం నాన్న ప్రతిసారీ ఆపేవాడు. “ఎంత వేశారు?”

“మూడొందల అరవై.”

“చక్రం తిరిగింది నాలుగొందల పది. వాళ్ళు ఊరి నుంచి ఊరికి తాడు పట్టి కొలుస్తారే అమ్మా. ఈసారి లోడు కాకి మీద పంపించుకోమను.”

అమ్మ నవ్వేది. గోడ మీద కాలెండర్లో ఇంకో వారం కొట్టేసేది.

మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. లీజు మీద సంతకం పెట్టిన రోజు నేను కామర్సు మొదటి సంవత్సరం. పద్దెనిమిది పేజీల ఒప్పందం ఈ నోటితోనే చదివాను. పద్నాలుగో షరతు దగ్గరకొచ్చేసరికి గొంతు ఎండింది. ‘ఇచ్చిన లోడును ఏ కారణం చేతనైనా తిరస్కరించిన పక్షంలో’ అని మొదలవుతుంది. నాన్న లోడు కాదనే మనిషి కాదు కదా అనుకున్నాను. ఆ ఒక్క ముక్కా పైకి చదవలేదు. మంచినీళ్ళు తాగి పదిహేనోది అందుకున్నాను. చివర్లో “పెట్టేయ్ నాన్నా, అంతా బాగానే ఉంది” అన్నాను.

ఆ లీజు తెచ్చింది మా మామయ్య. అమ్మకి స్వయానా తమ్ముడు. ఒకప్పుడు నాన్న బండిలోనే రెండో డ్రైవరు. స్టీరింగు పట్టుకోవడం దగ్గర్నుంచి చక్రం విప్పడం దాకా నాన్నే నేర్పాడు. తర్వాత ఎలాగో కంపెనీ ఆఫీసులోకెక్కి లీజు మేనేజరయ్యాడు. తెల్లచొక్కా, కంపెనీ ఇచ్చిన కారు. మాట మాత్రం తేనె.

నా డిగ్రీ ఫలితాలొచ్చిన ఆదివారం కారేసుకుని వచ్చాడు. నాకో పెన్ను ఇచ్చాడు, బంగారు రంగు మూత ఉన్నది.

“ఏమే కోడలా, డిగ్రీ కొట్టావంట! ఇంక మీ నాన్నకి లెక్కలు అప్పజెప్పడం మానేసి మా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చో.”

“ఫ్యాను తిరుగుతుందా మామయ్యా, దానికీ కోత ఉందా?”

“చూశావా అక్కా, నోరంతా నీదే!” అని నవ్వి, నాన్న పక్కకి జరిగాడు. “బావగారూ, ఒక మాట. ఆ బండి పాతబడింది. నాకప్పగించండి, కొత్త బండి ఇప్పిస్తాను. కొత్త లీజు.”

“కొత్త లీజంటే మళ్ళీ నూట యాభై ఆరా?”

“బండి కూడా కొత్తది కదా.”

“పదకొండు వారాలోయ్,” అన్నాడు నాన్న. “ఒడ్డు కనబడుతుంటే పడవ మారమంటావేంటి?”

మామయ్య గ్లాసు కింద పెట్టి కాలెండరు వైపు చూశాడు. ఆ చూపు నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆరు వారాలు గడిచాయి. ఇంక అయిదు మిగిలాయి. ఒక సోమవారం మిట్టమధ్యాహ్నం నాన్న బస్సు దిగి నడిచొచ్చాడు. ఒక చేతిలో సంచి, దాంట్లో దిండు, ఫ్లాస్కు, కిరోసిను స్టవ్వు. రెండో చేతిలో గోనెగుడ్డలో చుట్టిన ఇనప కడ్డీ. ఆ కడ్డీ చూడగానే నాకు అర్థమైంది. అది బండి వదిలి ఎప్పుడూ ఇంటికి రాలేదు.

బ్రేకుకి గాలి నిలవడం లేదని శుక్రవారమే వర్క్‌షాపులో చెప్పాడట. మొదట నాలుగు రోజులాగమన్నారు. ఆ పొద్దున ముప్పై టన్నుల సిమెంటు లోడు చెప్పారు, కొండ దాటి అవతలికి.

“బ్రేకు లేకుండా ముప్పై టన్నులు నెత్తిన పెట్టుకుని కొండ దిగమంటారా అన్నాను. అయితే కాదంటున్నావా అన్నాడు గుమస్తా. బ్రేకు చేసివ్వండి, దిగుతానన్నాను. కాదంటున్నావా, అవునా కాదా అన్నాడు. ఈ బండితో అయితే కాదు అన్నాను.” నాన్న మంచినీళ్ళు తాగాడు. “అంతే. తాళం ఇమ్మన్నారు.”

అమ్మ ఫోను చేసి స్పీకరు పెట్టింది. మామయ్య గొంతు ఎప్పట్లాగే ఉంది. “కాగితం ప్రకారం అక్కా, నా చేతిలో ఏముంది? పద్నాలుగో షరతు. అసలైతే సామాను కూడా ఇవ్వరు. సంచీ తీసుకెళ్ళనివ్వండి అన్నాను. నేను కాబట్టి.”

“కట్టిన కిస్తీలు?”

“అవి అద్దె కింద లెక్క.”

పద్నాలుగో షరతు అనగానే నాన్న నా వైపు చూశాడు. తప్పు పడుతూ కాదు. ‘అదేంటమ్మా?’ అన్నట్టు, తెలియక చూశాడు. ఆయన నన్ను రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

ఆ వారమే నాన్న లారీలు కడిగే చోట కూలికి కుదిరాడు, పైపు పట్టుకుని ఇతరుల బళ్ళు కడగడానికి. నేను అమ్మ మీద పడ్డాను.

“నీ తమ్ముడే చేశాడమ్మా. కావాలని చేశాడు.”

“నా చంకనెక్కి పెరిగాడే వాడు,” అంది. అమ్మ వాడి పక్షమే అనుకున్నాను. ఆ షరతు చదవకపోవడం తర్వాత నేను చేసిన రెండో తప్పు అది.

మరుసటి సోమవారం ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మామయ్య ఇచ్చిన పెన్నే జేబులో పెట్టుకుని, కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను.

“ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉందా మామయ్యా?”

ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత ముఖం విప్పారింది. మా ఇంటి మనిషే వచ్చి తన కింద కూర్చుంటే యార్డులో ఇంకెవడు నోరెత్తుతాడు? “చదువుకున్న పిల్లవనిపించావు కోడలా. మనసులో ఏం పెట్టుకోలేదు కదా?”

“మనసులో పెట్టుకుంటే కడుపు నిండుతుందా?”

“అదీ మాట! కానీ ఇక్కడ మాత్రం సార్ అనాలి. నలుగురూ ఉంటారు.”

“అలాగే సార్.”

ఇంటికొచ్చి చెబితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాటి నుంచి నాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం పొద్దున్నే టిఫిను డబ్బా కట్టి గుమ్మంలో పెట్టేది. ఆ డబ్బా నా చేతికి అందించేది కాదు.

ఆఫీసులో గోడకి అరవై కొక్కేలు, అరవై తాళాలు. ముప్పై ఏడో కొక్కేనికి మా బండి తాళం వేలాడుతోంది, నాన్న కట్టిన నీలం తాడుతో సహా. దానికి ఎదురుగానే నా కుర్చీ. రోజూ తొమ్మిది గంటలు ఆ తాడుని చూస్తూ నవ్వుతూ పనిచేశాను. టీ తెచ్చాను. “అవును సార్” అన్నాను. పగ మనిషికి ఎంత ఓపికనిస్తుందో ఆ కుర్చీలో తెలిసింది. పరీక్షలకి కూడా అంత శ్రద్ధగా చదవలేదు నేను.

రెండో వారంలో బీరువా సర్దమన్నాడు. అందులో ఒక జాబితా దొరికింది. బండి నంబర్లు, పక్కన మిగిలిన వారాలు. పదికి తగ్గిన వాటి చుట్టూ ఎర్ర సున్నాలు. ఏడాదిన్నరలో పన్నెండు సున్నాలు, పన్నెండు బళ్ళూ వెనక్కి లాక్కున్నవే. మా బండి దగ్గర ఆ సోమవారం తారీఖు వేసి రెండు చీటీలు పిన్ను చేసి ఉన్నాయి. ఒకటి వర్క్‌షాపుకి: ‘37 ఈ వారం ముట్టుకోవద్దు.’ రెండోది గుమస్తాకి: ‘సిమెంటు 37కి ఇవ్వు.’ రెండూ మామయ్య చేతిరాతే. ఫోటోలు తీసుకున్నాను. వాటితో కార్మిక కార్యాలయానికి వెళ్ళొచ్చు, వెళ్ళాను కూడా. కానీ అక్కడ ఫైలు కదలడానికి నాన్న గడ్డం తెల్లబడాలి. నాకు కావలసింది ఆ తెల్లచొక్కా, నలుగురి ఎదుట.

మూడో వారంలో మా బండి కొత్తవాడికిచ్చారు, లీజు సంతకాలు తర్వాత పెట్టించుకుంటామని. ఆర్నెల్ల క్రితమే పెళ్ళయిన కుర్ర డ్రైవరు, యార్డులో అందరూ ‘పెళ్ళికొడుకు’ అని పిలిచేవారు. అతని మొదటి వారం కాగితం నేనే టైపు చేశాను. అందులో ఒక కోత: ‘కొత్త టైర్లు, పది.’

చెయ్యి ఆగింది. ఆ బండికి పది కొత్త టైర్లు ఎనిమిది నెలల క్రితమే నాన్న వేయించాడు, కంపెనీ దగ్గరే అప్పు చేసి, వారం వారం కోత కట్టి. అవి అరగడానికి ఇంకా ఏడాది పడుతుంది. వర్క్‌షాపు రిజిస్టరు చూశాను. ఆ నెలలో యార్డులోకి ఒక్క కొత్త టైరూ రాలేదు. టైరు దుకాణం రసీదు మాత్రం ఉంది, మామయ్య సంతకంతో. పది టైర్ల డబ్బు కంపెనీ నుంచి దుకాణానికి పోయింది. దుకాణం నుంచి ఎటు పోయిందో ఊహించడానికి కామర్సు డిగ్రీ అక్కర్లేదు. నాన్న టైర్లకే నల్లరంగు పూసి, కొత్తవని పెళ్ళికొడుకు నెత్తిన రుద్దారు.

కాగితం మీద రుజువు లేదు. బిల్లులో టైర్ల నంబర్లు రాయరు. కానీ నాన్న ఇనప కడ్డీ ఉంది కదా.

టైరు మరమ్మతుకిస్తే మంచిది పోయి మరొకరి బోడి టైరు తిరిగొస్తుంది, అది ఈ వృత్తిలో మామూలే. అందుకే పాత డ్రైవర్లు కడ్డీ కాల్చి టైరు మీద సొంత గుర్తు వేసుకుంటారు. బయటి వైపు వేస్తే గీకేస్తారని నాన్న లోపలి వైపు వేస్తాడు, బండి కిందికి దూరితే తప్ప కనబడని చోట. ఆ గుర్తు నేను అయిదేళ్ళప్పుడు పలక మీద గీసింది, పిచ్చుక కాలు. మూడు గీతలు ముందుకి, ఒకటి వెనక్కి. “నిదానం టైర్ల మీద పిచ్చుకలు నడిచాయిరోయ్” అని యార్డులో వేళాకోళం చేసేవారు.

భోజనాల వేళ యార్డు ఖాళీ అయ్యాక హ్యాండుబ్యాగులోని అద్దం పట్టుకుని ముప్పై ఏడు కిందికి దూరాను. నాలుగు చక్రాలకి నల్లరంగు దట్టంగా మెత్తేశారు. అయిదోది, వెనక ఎడమ లోపలి టైరు. గోటితో గీకాను. అద్దంలో పిచ్చుక కాలు తలకిందులుగా కనబడింది.

ఆ సాయంత్రం టిఫిను డబ్బా తీయబోయిన అమ్మ చేతికి అద్దం తగిలింది. దాని మీద గ్రీజు, నల్లరంగు. ఇరవై ఆరేళ్ళు లారీ డ్రైవరుతో కాపురం చేసిన మనిషి.

“ఏ చక్రం?” అంది.

“వెనక ఎడమ. లోపలిది.”

అమ్మ పైటచెంగుతో అద్దం తుడిచి, మళ్ళీ నా బ్యాగులోనే పెట్టింది. “కొత్త లీజుల సంతకాలెప్పుడు?” అని అడిగింది.

“వచ్చే ఆదివారం. పొద్దున పదింటికి.”

నేను ఫోను తీసి ఎర్ర సున్నాల జాబితా చూపించాను.

ఏడాదికోసారి కంపెనీ కొత్త లీజులు ఇస్తుంది. ఆ ఆదివారం యార్డులో షామియానా వేశారు. నలభై మంది డ్రైవర్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు, కొందరు భార్యలతో వచ్చారు. కంపెనీ యజమాని, అందరూ పెద్దసారు అనే ఆయన, ముందు వరసలో కూర్చున్నాడు. ఒప్పందం ఎవరో ఒకరు పైకి చదవడం, అందరూ సంతకాలు పెట్టడం అక్కడి పద్ధతి. మామయ్య మైకు నా చేతిలో పెట్టాడు.

“నిదానం గారి అమ్మాయివి. నువ్వు చదివితే నమ్ముతారు. గబగబా కానిచ్చేయ్.”

పదమూడు షరతులు గబగబా చదివాను. పద్నాలుగో దానికి ఆగి, కాగితం దించి, మామూలు మాటల్లో చెప్పాను.

“ఇచ్చిన లోడు ఏ కారణంతో కాదన్నా బండి పోతుంది. బ్రేకు పోయినా, జ్వరమొచ్చినా కాదనకూడదు. కట్టినవన్నీ అద్దె కింద పోతాయి. మూడేళ్ళ కింద మా నాన్నకి ఈ ఒప్పందం చదివింది నేనే. ఈ ఒక్కటి మాత్రం చదవలేదు. అయిదు వారాల్లో మాదవ్వాల్సిన బండి అదిగో, ముప్పై ఏడు.”

“కోడలా, మైకు ఇలా ఇవ్వు,” అన్నాడు మామయ్య నవ్వుతూనే.

“ఇంకొక్క మాట సార్. ఆ బండికి పది కొత్త టైర్లని పెళ్ళికొడుకు దగ్గర కోస్తున్నారు. అవి మా నాన్న టైర్లు. గుర్తుంది.”

పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. పెద్దసారు మెడ తిప్పి మామయ్య వైపు చూశాడు. లోడు కాదన్న డ్రైవరు బండి లాక్కోవడం ఆయనకి తెలిసిన వ్యాపారమే. లేని టైర్లకి తన డబ్బు పోవడం మాత్రం కొత్త సంగతి.

“చిన్నపిల్ల సార్, టైపింగులో ఏదో పొరపాటు...”

అప్పుడు గేటు దగ్గర అమ్మ కనబడింది. ఆమె వెనక బళ్ళు పోగొట్టుకున్న పాత డ్రైవర్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ వెనక, ఎవరో బలవంతాన లాక్కొచ్చినట్టు, తడిసిన చొక్కాతో నాన్న. అమ్మ చేతిలో జాకీ, వీల్ పానా ఉన్నాయి. తిన్నగా నడిచొచ్చి వాటిని మామయ్య కాళ్ళ దగ్గర పడేసింది. సిమెంటు నేల ఠంగుమంది.

“అక్కా, నువ్వైనా చెప్పవే. ఇంటి గుట్టు నలుగురిలో...”

“చక్రం విప్పడం మీ బావ నీకు నేర్పాడు కదరా,” అంది అమ్మ. గొంతు పెంచలేదు. “వెనక ఎడమది. విప్పు.”

“అక్కా...”

“కొత్త టైరే అయితే భయమెందుకురా? విప్పు.”

పెద్దసారు “విప్పు” అన్నాడు. మామయ్య తెల్లచొక్కా చేతులు మడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పది నట్లు. అలవాటు తప్పి రెండుసార్లు పానా జారింది. పాత డ్రైవర్లలో ఒకాయన “ఎడమకి తిప్పాలి మేనేజరు గారూ” అన్నాడు. కుర్చీల్లోంచి నవ్వులు వినబడ్డాయి. బయటి చక్రం వచ్చింది. లోపలిది వచ్చింది. నేల మీద వెల్లకిలా పడింది. నల్లరంగు మీద నేను గోటితో గీకిన చోట పిచ్చుక కాలు.

అది ఎవరిదో మామయ్యకి ఒకరు చెప్పక్కర్లేదు. రెండో డ్రైవరుగా ఉన్నప్పుడు ఆ కడ్డీ కాల్చి ఇచ్చింది అతనే.

ఆ రోజు ఒక్క సంతకమూ పడలేదు. కుర్చీలు ఖాళీ అవుతుంటే పెద్దసారు గబగబా లెక్కలు వేసుకున్నాడు. ఆయనకి న్యాయం కంటే నలభై సంతకాలు ముఖ్యం. పన్నెండు మందికీ టైర్ల కోత వెనక్కిస్తామన్నాడు, పెళ్ళికొడుకు కోత కొట్టేయమన్నాడు. బండి మాత్రం ఇవ్వలేదు. ఇచ్చినా నాన్న తీసుకోడు, అందులో అప్పటికే పెళ్ళికొడుకు దిండు ఉంది. తప్పంతా మేనేజరుదేనన్నాడు పెద్దసారు. అందులో సగం అబద్ధం. ఆ సగం సంగతి కార్మిక కార్యాలయం ఫైల్లో ఇంకా ఉంది, నేను వదల్లేదు.

సోమవారం పెద్దసారు నన్ను పిలిచి, మామయ్యని ఉద్యోగంలోంచి తీసేస్తూ ఒక ఉత్తరం టైపు చేయమన్నాడు. మామయ్య కారు కూడా కంపెనీ లీజే. మూడేళ్ళలో అతనిదవుతుంది. ఉద్యోగం పోతే కారు వెనక్కి, కట్టినవి అద్దె కింద. అదీ ఒక షరతే. తప్పు లేకుండా టైపు చేశాను. సంతకం పెట్టడానికి పెద్దసారుకి బంగారు రంగు మూత పెన్ను ఇచ్చాను. పక్కనే నా రాజీనామా కూడా పెట్టాను.

ఉత్తరం తీసుకుని నేనే బయటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. మామయ్య కారు పక్కన నిలబడి ఉన్నాడు. చదివి మడిచాడు.

“కోడలా, ఇంటిదాకా తోలుకెళ్ళి సాయంత్రం తెచ్చిస్తాను. ఈ ఎండలో ఎలా పోను?”

“కాగితం ప్రకారం సార్. నా చేతిలో ఏముంది?” చెయ్యి చాపాను. తాళం నా అరచేతిలో పడింది, వెచ్చగా ఉంది. “లోపల మీ సంచి ఉంటే తీసుకోండి. నేను కాబట్టి.”

గేటు దాటేదాకా చూశాను. సంచి ఒక భుజం మీంచి రెండో భుజానికి మార్చుకున్నాడు. నాకు జాలి వేయలేదు. ఇప్పటికీ వేయలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని ఇనప కడ్డీకి తుప్పు రుద్దుతున్నాడు. జరిగింది చెప్పాను. అమ్మ లోపల గిన్నెలు కడగడం ఆపింది.

నాన్న నాతో మాట్లాడి నెల దాటింది. తలెత్తకుండానే అడిగాడు.

“ఇంటికెలా వెళ్ళాడు?”

“నడిచి.”

“ఎంత దూరం?”

“చక్రం లెక్కన ఎనిమిది కిలోమీటర్లు,” అన్నాను. “కంపెనీ లెక్కన ఏడు.”

కడ్డీ ఆగింది. ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికొచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. లోపల్నుంచి అమ్మ నవ్వు మాత్రం వినబడలేదు. కాసేపటికి గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.